కారిన కాడ

డీబగ్గర్ అని కొడితే లక్షా నలభై వేలు వచ్చాయి.
దానికి "ఎవరు వాడుతున్నారు" అని కలిపితే
మూడు వందల పన్నెండు.
అందులో పదకొండే తలుపు తీశాయి.
మిగతావి గుమ్మంలో అడ్డంగా నిలబడి
తలకి ముప్పై అయిదు డాలర్లన్నాయి.
రెండు వ్యాసాలకి
నెల్లిమర్లలో నా గది అద్దె.

ఇంతకీ నాకు కావలసింది ఒక్క వాక్యానికి ఆధారం.
రెండో అధ్యాయం, మొదటి పేరా, నేనే రాశాను:
"ప్రోగ్రామరు కాలంలో సగం
తప్పు ఎక్కడుందో వెతకడానికే పోతుంది."
పక్కన పట్నాయక్ సారి ఎర్ర సిరా:
"ఎవరన్నారు?"

అందరూ అన్నారు సార్.
తెరుచుకున్న పదకొండూ ఆ వాక్యంతోనే మొదలు.
ఆ సగాన్ని తగ్గిస్తానని
ఒక్కోటి ఒక్కో పనిముట్టు చూపిస్తుంది:
నడిచిన ప్రోగ్రాముని వెనక్కి నడిపించేది,
తప్పుకి చుట్టాలైన లైన్లే కోసి చేతికిచ్చేది,
ఏ లైనుని ఎంత అనుమానించాలో మార్కులేసేది.
ల్యాబులో నా పిల్లలు మాత్రం
వాటి పేరైనా వినకుండా
అడుగడుక్కీ ఒక ప్రింటు పెట్టి
"ఇక్కడికొచ్చాను", "ఇక్కడిక్కూడా వచ్చాను" అనిపించి
అది ఎక్కడ మాట మానేసిందో చూస్తారు.

సగం అన్న మాట పట్టుకుని వెనక్కి నడిచాను.
పద్నాలుగో నంబరు చూడమన్నారు.
పద్నాలుగు తన ఆరోదాన్ని చూపింది.
ఆరు, నేను కాదు, ఇరవై రెండు అంది.
ఇరవై రెండులో అది సగం కాదు, "సగం వరకూ".
అంతకు ముందుదాంట్లో "కొన్నిసార్లు, సగం వరకూ".
ఈ "కొన్నిసార్లు"ని
దారిలో ఎవరు ఏ మెట్టు మీద జారవిడిచారో.
ఆపైన తీగ నెట్‌లో తెగిపోయింది.

మిగిలిన సంపుటం విజయనగరం కంటోన్మెంటు దగ్గర
ఓ కాలేజీ లైబ్రరీ మేడ మీదుంది.
మూతపడ్డ ఇంజనీరింగ్ కాలేజీ నుంచి
బెంచీలతో పాటు లారీలో వచ్చిందట.
కూర్మారావు గారు తువ్వాలుతో దుమ్ము కొట్టి
"దీన్ని తీసిన మొదటి మనిసివి నువ్వే" అన్నారు.
నిజమే. వెనకట్ట మీద తేదీలేసే కాగితం
కొత్త పలకలా ఉంది.

అల్పపీడనం మూడో రోజు.
ఫుట్‌నోటు దాకా వచ్చానో లేదో
పేజీ మీద టప్పున చుక్క.
నేను నెత్తి మీది కప్పుకేసి చూస్తుంటే ఆయన నవ్వారు.
"కారిన కాడ కన్నం ఉండదమ్మా.
నీరు ఎక్కడో దిగుతాది, సువ్వెంట నడుస్తాది,
దానికి బుద్ధి పుట్టిన కాడ రాలతాది."

వాన తెరిపిచ్చాక చెంబులో పసుపు కలుపుకుని
డాబా ఎక్కారు. నన్ను కిందే ఉండమన్నారు.
"పచ్చగా పడిందేటి?"
లేదు.
చాలాసేపు అడుగుల చప్పుడు.
"ఇప్పుడో?"
లేదండీ.
మూడో చోటో నాలుగో చోటో పోశాక,
పుస్తకం మూయాలని కూడా తోచక నేను నిలబడిపోయాక,
పడింది. పచ్చగా.
కన్నం ఎనిమిది అడుగుల అవతల,
పాత యాంటెన్నా పీకేసిన చోట.

అప్పుడు చదివాను ఫుట్‌నోటు.
"ఈ అంచనా
మధ్యాహ్న భోజనం దగ్గర ఒక సహోద్యోగి చెప్పినది."
అంతే. పేరు లేదు. ఏ ఊళ్లో భోజనమో లేదు.
నలభై ఏళ్ల పనిముట్లన్నీ
ఎవరో ముద్దకీ ముద్దకీ మధ్య అన్న మాట మీద
నిలబడి ఉన్నాయి.
ఆయన అబద్ధమాడాడనను.
ఆ పూట పొద్దుట్నుంచీ వెతికి వెతికి
ఆకలేసి వచ్చి కూచునుంటాడు.
ఈ ఒక్క వాక్యానికి
నాకూ పదిహేడు రోజులు పట్టింది.

మూడు లాంతర్ల దగ్గర జిరాక్సు తీయిస్తే
పసుపు నల్లగా వచ్చింది.
అలాగే అధ్యాయానికి కుట్టి పంపాను.
సారు ఫుట్‌నోటు జోలికి పోలేదు.
మరక చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి
"ఇదేమిటి?" అన్నారు.

దీనికైతే ఆధారం ఉంది సార్.
కూర్మారావు, డాబా మీద,
మూడో చెంబు. లేదా నాలుగోది.